పాటు వేళకి అన్నం

మూడు రోజులకి మేం పట్టుకెళ్లిన సరుకు ఇది: రెండు కిలోల బియ్యం, చింతపండు ముద్ద, ఉప్పు, కారం, పసుపు, పది ఉల్లిపాయలు, చిన్న సీసాలో నూనె, ఒక సత్తు గిన్నె, దానికో మూత, రెండు అగ్గిపెట్టెలు. కూర అన్నది లేదు. కూర సముద్రమే పెట్టాలని పందెం. ఒక్క పూట కొనుక్కుతిన్నా నేను వాడికి బిరియానీ ఇప్పించాలి.

వాడంటే నా రూమ్మేటు. కడప వాడు. సముద్రం అంటే ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ చూసేది అనుకునే రకం. నేను వైజాగ్‌లోనే పుట్టి పెరిగాను గానీ, నిజం చెప్పాలంటే నా సంగతీ అంతే. చేపంటే ఆదివారం పొద్దున్న బజారుకెళ్లి, పేర్లు తెలిసినట్టు ఓ నాలుగు అడిగి, చివరికి కానాగంతలే ముక్కలు కొట్టించుకుని తెచ్చేవాణ్ని. ఒక రాత్రి మేడ మీద కూర్చుని, సముద్రం పక్కనే ఉండి ఇన్నేళ్లలో దాన్లోంచి నా చేత్తో నేను ఒక్కటైనా పట్టుకు తిన్నానా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రాలేదు. అక్కడ మొదలైంది ఈ పిచ్చి.

ప్లాను సింపుల్. భీమిలి నుంచి వైజాగ్ దాకా బీచ్ రోడ్డు మీద బండేసుకుంటే గంట పట్టదు. దాన్నే నీళ్ల అంచున మూడు రోజులు నడవాలి, దొరికింది వండుకు తినాలి. సంక్రాంతి రద్దీ తగ్గాక ఇద్దరికీ లీవు కుదిరిన రోజులు చూసుకుని బయల్దేరాం. చూసుకున్నది లీవు ఒక్కటే. ఆ రోజు తిథి ఏంటో చూసుకోవాలన్న బుద్ధి ఇద్దరికీ లేదు.

పొద్దున్న ఎనిమిదిన్నరకి భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట దిగాం. నీళ్లు నిండుగా ఉన్నాయి. ఫోన్లో చూసిన బురదా, ఇసక మేటా ఏదీ కనబడలేదు. మోకాలి లోతులో అరగంట అటూ ఇటూ తిరిగి, ఒక చెప్పు పోగొట్టుకుని గట్టెక్కాను. గట్టు మీద ఒకావిడ వల చిక్కులు తీస్తోంది, డెబ్బై ఏళ్లుంటాయేమో. మా గిన్నె చూసి, మమ్మల్ని చూసి, నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏటి బావూ, ఇప్పుడొచ్చీసేరేటి? పోటు మీదుంది కదా. ఇయ్యాల అమాస. మజ్జాన్నం రండి, పాటు తీస్తాది."

ఆవిణ్ని మామ్మా అని పిలిచాం, అలా పిలిపించుకోవడం ఆవిడకి నచ్చినట్టే ఉంది. ఆ పోటూ పాటూ ఏంటో ఆవిడ చెబితేనే సరిగ్గా బుర్రకెక్కింది. నీళ్లు ఎక్కితే పోటు, దిగితే పాటు, రోజుకి రెండుసార్లు చొప్పున. అమావాస్యకీ పున్నానికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో నిలబడి లాగుతాయి కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. మన తీరంలో ఆ తేడా మహా అయితే మీటరున్నర. అష్టమి రోజుల్లో అది కూడా ఉండదు, నీళ్లు కదిలినట్టే అనిపించవు. ఒక రోజు పాటు ఎప్పుడు తీసిందో మర్నాడు దానికి ముప్పావు గంట పైన ఆలస్యంగా తీస్తుంది. ఆ అమావాస్య నాడు మధ్యాహ్నం మూడు ప్రాంతంలో నీళ్లు పూర్తిగా దిగాయి. మళ్లీ రాత్రి మూడుకి. అంటే మంచి ఎండలో ఒకసారి, మంచి నిద్రలో ఒకసారి. తిండి దొరికే వేళలు ఆ రెండే. మిగతా రోజంతా మనం ఎంత తెలివైన వాళ్లమైనా ఒకటే.

మూడుకి అదే చోటికి వెళ్తే గుర్తు పట్టలేకపోయాం. పొద్దున్న నీళ్లున్న చోట నల్లటి మేట, దాని మీద ఆడవాళ్లు నడుం వంచి కాళ్లతో వెతుకుతున్నారు. అవును, కాళ్లతోనే. బురదలో పాదం మెల్లగా జారిస్తే గుల్ల అంచు అరికాలికి తగుల్తుంది. వేలికి తగిలే రాయికీ గుల్లకీ తేడా తెలియడానికి నాకు గంట పట్టింది, అప్పటికి నా గిన్నెలో పదహారు గుల్లలూ నాలుగు గులకరాళ్లూ ఉన్నాయి. మామ్మ బుట్ట సగం నిండింది. ఆవిడ నా గిన్నెలోకి చూసి నాలుగు గులకరాళ్లూ పారేసి, మరీ చిన్నగా ఉన్న గుల్లలు ఆరు ఏరి మళ్లీ బురదలోకి విసిరింది. "పిల్లలు అవి, ఏటుంటాది తినడానికి?" పదహారు కాస్తా పదయ్యాయి.

పీతలకి మాత్రం మా కడపోడు అదృష్టవంతుడు. మామ్మ ఇచ్చిన చేప తలకాయకి దారం కట్టి నీళ్లలో వదిలాడు. దారం మెల్లగా పక్కకి లాగుతుంది, గట్టిగా గుంజకూడదు, పీత తలకాయని వదలదు కానీ వెలుగులోకి వచ్చిందో వదిలేస్తుంది. అందుకే కింద నుంచి గిన్నె పట్టాలి. "రేయ్, ఎండ్రకాయ పడిందిరా!" అని వాడు అరిస్తే అక్కడున్న పిల్లలంతా ఎండ్రకాయ అంటే ఏంటని నవ్వడం. వాడికి మండపీతకీ మామూలు పీతకీ తేడా తెలీదు, నల్లగా బండగా ఉన్న దాని వెనకాల చెయ్యి పెట్టబోయి బొటనవేలు ఇచ్చుకున్నాడు. వేలు తెగలేదు గానీ వారం రోజులు నీలంగా ఉంది. మొత్తం నాలుగు పడ్డాయి. ఒకటి తిరగేస్తే పొట్ట కింద మూతలోంచి నారింజ రంగు గుడ్లు గుత్తిగా కనబడ్డాయి. దాన్ని వదిలేశాం. ఇదేదో మా గొప్పతనం అనుకునేరు, మామ్మ చూస్తూ నిలబడింది.

అమాస పీతకి కండ ఉంటుందనీ, పున్నానికి డొల్ల అనీ ఇక్కడందరూ అంటారు. నా దగ్గర పోల్చడానికి పున్నమి పీత లేదు. అమాస పీత మాత్రం గట్టిగానే ఉంది.

గుల్లల్ని వెంటనే వండకూడదు. సముద్రపు నీళ్లలోనే ఓ రెండు మూడు గంటలు వదిలేస్తే లోపలి ఇసక కక్కేస్తాయి. మేం ఆకలికి ఆగలేక గంటకే పొయ్యి మీద పెట్టేశాం, ప్రతి ముద్దకీ కరకర. పొయ్యంటే మూడు రాళ్లు, సరుగుడు తోటలో రాలిన ఆకు, కెరటాలకి కొట్టుకొచ్చిన కర్రలు. సరుగుడాకు అంటుకున్నంత తొందరగా ఇంకేదీ అంటుకోదు, ఆరిపోవడం కూడా అంతే. కర్రలు ఉప్పెక్కి ఉంటాయి కదా, పొగ ఎక్కువ. మొగ దగ్గర, అంటే గోస్తనీ సముద్రంలో కలిసే చోట, గట్టున నేలబారుగా పాకే మందపాటి ఆకు ఒకటుంటుంది, వంగరెడ్డి కూర, నమిలితే ఉప్పగా నీళ్లూరుతుంది. దాన్ని ఒకసారి ఉడికించి ఆ నీళ్లు వంపేసి పులుసులో వేశాం. మొదటి రాత్రి భోజనం: మూడు పీతలూ పది గుల్లలూ గుప్పెడాకూ వేసిన చింతపండు పులుసు, ఇసకతో సహా. ఇద్దరం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా కష్టపడితే వచ్చిన మాంసం ఒక అరచేతిలో పట్టేస్తుంది. కడుపు నింపింది బియ్యమే, అది మాత్రం కొట్టులో కొన్నది.

ఈ లెక్క ముందే చెప్తున్నాను, ఎందుకంటే ప్రకృతి ఒడిలో బతికేస్తాం అని వీడియోలు పెట్టేవాళ్లెవరూ ఇది చెప్పరు. గుల్లలో పిండిపదార్థం, కొవ్వు చాలా తక్కువ. రోజంతా ఎండలో వంగుని ఏరడానికి ఖర్చయ్యే శక్తి తిరిగి రావాలంటే గంపల కొద్దీ తినాలి. మామ్మ వాళ్లు కూడా గుల్ల తిని బతకరు, కూరకి కొంచెం ఉంచుకుని మిగతాది అమ్మి బియ్యం కొంటారు.

రెండో రోజు పొద్దున్నే ఎర్రమట్టి దిబ్బల వైపు నుంచి దక్షిణంగా నడుస్తుంటే ఒక ఊరి ముందు పెద్దవల లాగుతున్నారు. ఒడ్డున రెండు వైపులా రెండు తాళ్లు, తాడుకి పదిహేను ఇరవై మంది. బోటు మీద వలని అర్ధచంద్రాకారంలో వేసొస్తే ఇక్కడ రెండు కొసలూ పట్టుకుని లాగడమే. మేం ఊరికే చూస్తుంటే ఒకాయన, "సూస్తే రాదు, పట్టండి" అన్నాడు. పట్టాం. గంటన్నర. కాళ్లు ఇసకలో పాతి వెనక్కి పడిపోతున్నట్టు వంగి లాగాలి, అందరూ ఒకే ఊపులో. నా చేతులు పది నిమిషాలకే బొబ్బలెక్కాయి. వల దగ్గరికొచ్చేసరికి నీళ్లు మరిగినట్టు కుతకుతలాడాయి, కవల్లు, చిన్న పారలు, సావిడాయిలు వెండి రిబ్బన్లలా. మధ్యలో ఒక సముద్రపు పాము కూడా. దాన్ని ఒక కుర్రాడు కర్రతో ఎత్తి అలవాటుగా నీళ్లలోకి విసిరేశాడు.

గాలి మింగి బంతిలా ఉబ్బిన చేపలు మూడు నాలుగు పడ్డాయి, తెల్లటి పొట్ట. పిల్లలు కాళ్లతో తన్ని ఆడుకుంటున్నారు. మా వాడు ఒకటి చేతిలోకి తీసుకుని ఇది తినొచ్చా అనడిగితే ఇందాకటి ఆయన దాన్ని లాక్కుని అవతలకి గిరాటేశాడు. "అది తింటే పైకే." నిజంగా అంతే. దాని కాలేయంలో, గుడ్లలో ఉండే విషం ఎంత ఉడికించినా పోదు, ఊపిరి కండరాలు చచ్చుబడిపోతాయి, దానికి విరుగుడు మందు లేదు. ఒడ్డున దొరికే శంఖాల్లో కోను ఆకారంలో అందంగా ఉండేవి కూడా బతికున్నప్పుడు చేత్తో పట్టుకోకూడదు, కొన్నిటికి కుట్టే ముల్లుంటుంది. తెలియని దాన్ని ముట్టుకోకపోవడమే మాకు మిగిలిన దారి, మాకు తెలియనివే ఎక్కువ కాబట్టి చాలా వాటిని ముట్టుకోలేదు.

వల వాటాలు పంచాక, తాడు పట్టినందుకు మా గిన్నెలోకి రెండు దోసిళ్ల కవల్లు వేశారు. ఇది కొన్నట్టా, ఏరినట్టా, అడుక్కున్నట్టా అని మా ఇద్దరికీ గొడవ. వాడు బిరియానీ కోసం ఇది కూలీ డబ్బుతో సమానం, కొన్నట్టే అంటాడు. నేను ఒప్పుకోలేదు. గొడవ తేలకముందే కవల్లు కాల్చుకు తినేశాం. పొట్ట తీసి, ఉప్పు కారం రాసి, పుల్లకి గుచ్చి నిప్పుల మీద. కొవ్వు కారి నిప్పుల మీద పడి చిటపటలాడుతుంటే ఆ వాసనకి ఎక్కణ్నుంచొచ్చాయో మూడు కుక్కలు. మొత్తం ప్రయాణంలో కడుపారా తిన్న పూట అదొక్కటే.

నీళ్ల సంగతి చెప్పలేదు కదా. అసలు కష్టం అక్కడుంది. తిండి లేకపోతే ఒక పూట నడుస్తాం, జనవరిలో కూడా మధ్యాహ్నం ఎండకి నీళ్లు లేకుండా గంట నడవలేం. పట్టుకెళ్లిన నాలుగు లీటర్లూ మొదటి రోజే అయిపోయాయి. రోడ్డెక్కకుండా నడుద్దాం అన్న ముచ్చట అంతటితో సరి, ప్రతి ఊళ్లోనూ ఎక్కి కుళాయి అడిగి పట్టుకున్నాం. మంగమారిపేట దగ్గర రోడ్డు దాటి తొట్లకొండ ఎక్కినప్పుడు అదే ఆలోచన. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు అక్కడ ఆరామం కట్టుకుని, వాన నీళ్లు నిలవడానికి బండరాతిలోనే తొట్లు తొలిచారు. ఆ కొండకి ఆ పేరు అందుకే. 1988 నుంచి 1993 దాకా తవ్వితే బయటపడ్డ స్తూపాలూ గదులూ చూడ్డానికే అందరూ వెళ్తారు, నేనూ ఇంతకు ముందు రెండుసార్లు అలాగే వెళ్లాను. ఈసారి ఆ తొట్ల ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు. కింద అంత సముద్రం పెట్టుకుని వాళ్లు కూడా మంచినీళ్ల గురించే బెంగపడ్డారు.

దిగొచ్చేసరికి నాలుగు. పాటు సరిగ్గా తీసింది. మంగమారిపేటలో కెరటాలు తొలిచిన రాతి తోరణం ఉంది కదా, ఫొటోలు దిగేవాళ్లంతా దాని దగ్గరే ఉంటారు. మేం కొంచెం అవతల బండల మీదకి వెళ్లాం. నాచు పట్టిన బండ మీద నడవడం రావాలంటే చిన్నప్పుడే నేర్చుకోవాలి. ఆకుపచ్చ నాచు ఒకటి పల్చటి ప్లాస్టిక్ కాగితంలా ఉంటుంది, అది తినొచ్చని చదివి నోట్లో వేసుకున్నాను, ఉప్పు రాసిన క్యారీబ్యాగ్ నమిలినట్టుంది. మన వాళ్లు ఇన్ని వందల ఏళ్లుగా దాన్ని తినలేదంటే కారణం ఉంది.

ఆల్చిప్పలు మాత్రం దొరికాయి. నీళ్లు దిగిన బండ పక్కన, ఇంకా తడి ఆరని నీడలో, నల్లగా ఆకుపచ్చ అంచుతో గుత్తులు గుత్తులుగా. దగ్గరగా చూస్తే ప్రతి చిప్ప మూల నుంచి సన్నటి గోధుమ రంగు పీచు బయటికొచ్చి రాతికి అతుక్కుని ఉంటుంది. ఆ పీచు తాడులాంటిది, చిప్ప తనే పేనుకుంటుంది. నేను స్క్రూడ్రైవర్ పెట్టి పీకుతుంటే చిప్ప పగిలింది, రెండోదీ పగిలింది. అక్కడే మునిగి తీస్తున్న ఒక కుర్రాడు అద్దాలు నుదుటికెత్తి చూపించాడు: గుత్తిని లాగకూడదు, ఒక్కో చిప్పనీ పట్టుకుని మెలితిప్పాలి, పీచు పుటుక్కున తెగుతుంది, పక్కవాటికి ఏం కాదు. పెద్దవి మాత్రమే తియ్యి, బొటనవేలు కన్నా పొడుగున్నవి, అన్నాడు. ఆ చల్లటి రాతి సందులో వేళ్లు పెట్టి మెలితిప్పుతుంటే లోపల చిప్ప గట్టిగా మూసుకోవడం వేళ్లకి తెలుస్తుంది. యాభైకి పైగా తీశాను. అంత ధ్యాసలో ఉన్నానేమో వెనకాల కెరటం వచ్చింది చూసుకోలేదు, జారి కాలు అంచు చిప్పల మీద పడింది. కోత లోతుగానే పడింది. మంచినీళ్లతో కడిగి గుడ్డ కట్టాను, తాగే నీళ్లు కాస్తా అలా అయిపోయాయి. ఇలాంటి కోత ఊరికే వదిలెయ్యకండి, సముద్రపు నీళ్లలో ఉండే బాక్టీరియాతో పుండు పడితే తొందరగా మానదు. మర్నాడు టీటీ ఇంజక్షన్ చేయించుకున్నాను.

వండడం ఇంత సులువైనది ఇంకోటి లేదు. నోరు తెరుచుకుని, తట్టినా మూసుకోని చిప్ప చచ్చిపోయినట్టే, పారెయ్యాలి. మిగతావి పీచు లాగేసి, గిన్నెలో చుక్క నీళ్లు కూడా పొయ్యకుండా మూత పెడితే అయిదు నిమిషాల్లో వాటి నీళ్లలో అవే ఉడికి నోళ్లు తెరుస్తాయి. తెరవనిది తినకూడదు. ఉప్పు వెయ్యకండి, నేను అలవాటు కొద్దీ వేసి పాడు చేశాను. లోపల నారింజ రంగు మాంసం, కొంచెం తియ్యగా. యాభై చిప్పలకి ఇద్దరికీ చెరో చిన్న ప్లేటు. ఉల్లిపాయ, కారం వేసి వేయించుకుని అన్నంలో కలుపుకున్నాం.

మూడో రోజు ఏరలేదు. కారణం రెండు. రుషికొండకి ముందు ఒడ్డున చచ్చిన తాబేలు పడుంది, ఆలివ్ రిడ్లీ, తట్టంత. ఈ నెలల్లోనే అవి మన ఒడ్డుకి వచ్చి ఇసకలో వంద పైన గుడ్లు పెట్టి వెళ్తాయి, అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లు తీసి కంచె వేసిన చోట పొదిగిస్తారు. ఆ గుడ్లు ముట్టుకోవడం నేరం, సముద్రపు గుర్రాలూ సముద్ర దోసకాయలూ కూడా అంతే, 1972 వన్యప్రాణి చట్టం కిందకి వస్తాయి. దాన్ని చూశాక కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు, గిన్నె బ్యాగులో పెట్టేశాం.

రెండోది మురుగు. ఊరు దగ్గరపడే కొద్దీ కాలవలు కనబడతాయి. ఆల్చిప్ప రోజంతా నీళ్లని పీల్చి వడకట్టి బతికే ప్రాణి, నీళ్లలో ఏముంటే అది దాని ఒంట్లో పోగుపడుతుంది. రెండేళ్ల కిందట నేను ఇలాంటి ఒక కాలవకి వంద గజాల్లో తీసినవి కొనుక్కుని తిని రెండు రోజులు బాత్రూమ్‌కీ మంచానికీ మధ్య తిరిగాను. అమ్మినవాణ్ని ఏం అనడానికి లేదు, ఎక్కడ తీశావని నేను అడగలేదు. ఉడికిస్తే క్రిములు చస్తాయి గానీ సీసం, పాదరసం లాంటివి ఎక్కడికీ పోవు. అందుకని పోర్టు చుట్టుపక్కలా, కాలవల దగ్గరా, పెద్ద వాన పడిన మర్నాడూ నేనైతే ముట్టుకోను.

కాబట్టి మూడో రోజు మధ్యాహ్నం ఉత్తన్నంలో చింతపండు పిసుక్కుని తిన్నాం. సాయంత్రం జోడుగుళ్లపాలెం దాటి, తెన్నేటి పార్కు కింద బండల మీదుగా కుంటుకుంటూ ఆర్కే బీచ్‌కి చేరి, నేను మురీ మిక్చర్ కొన్నాను. పందెం అక్కడ పోయింది. వాడు మురీ కూర కింద రాదని ఒక్క మాట అనొచ్చు కదా, అనలేదు.

ఇంటికెళ్తే అమ్మ కాలు చూసి తిట్టి, గిన్నె చూసి ఇంకా తిట్టింది, మసి వదలడానికి రెండు రోజులు పట్టింది. కడపోడు మాత్రం గోడ మీది క్యాలెండర్లో అమావాస్యలకి సున్నాలు చుట్టాడు. వచ్చేది శివరాత్రి మర్నాడే పడింది. ఉపవాసం ఉండి తెల్లారి ఆకలి మీద వెళ్తే ఎక్కువ ఏరతాం అంటాడు. జాగారం ఎలాగూ ఉంటుంది కాబట్టి రాత్రి మూడు గంటల పాటుకి లేవక్కర్లేదట, మెలకువగానే ఉంటాం కదా అని. శివరాత్రి జాగారం పీతల కోసమా అని అమ్మ వంటింట్లోంచి అరిచింది. ఈసారి మాత్రం చెప్పులు తాడుతో కట్టుకుని దిగుతాను.